ఏ తాళమైనా తిరిగే కారు

మార్చి 4

అక్కా,

ఎలా ఉన్నావు, బావ ఎలా ఉన్నాడు? నువ్వు రెండుసార్లు రాశావు, నేను ఒక్కదానికీ జవాబివ్వలేదు. కోప్పడకు. రెండు వారాల కింద ఒక కస్టమరు జాకీ రాడ్డుతో నా ఎడమ కనుబొమ్మ పగలగొట్టాడు. ఐదు కుట్లు పడ్డాయి. మొన్నటిదాకా కన్ను తెరుచుకోలేదు, ఒంటికన్నుతో టైపు చేస్తుంటే స్క్రీను మీద అక్షరాలన్నీ ఈదుతున్నాయి. ఫోన్ చెయ్యొచ్చు కదా అంటావు. ఫోన్లో మూడో మాటకల్లా మనిద్దరం అరుచుకుంటామని, రాసుకుంటేనే అక్కాతమ్ముళ్ళలా ఉంటామని రూలు పెట్టింది బావే కదా. పాటిస్తున్నాను.

గొడవేంటంటే, ఆ కస్టమరు నా దగ్గర ఇంజను కంప్యూటరు ఒకటి కొన్నాడు. బ్యాటరీ వైరు తియ్యకుండా వాడే బిగించుకున్నాడు, పెట్టె కాలిపోయింది. చచ్చిన పెట్టె అంటగట్టానని దుకాణానికొచ్చి మీద పడ్డాడు. నేనూ ఊరుకోలేదు, చేతిలో ఉన్న కరెంటు చూసే మీటరు విసిరాను. మీటరు పగిలింది, వాడికేం కాలేదు. ఇంతలో నీ మరదలు మేడ మీద నుంచి మరిగే టీ గిన్నెతో దిగింది. సగం వాడి మెడ మీద పడింది, సగం నా చొక్కా మీద. వాడు పారిపోయాడు. నేనే ఇంకా బర్నాలు రాసుకుంటున్నాను.

నువ్వు పంపిన పళ్ళ డాక్టరు వచ్చాడు. మంచి మనిషి. కుట్లు చూసి ముందు నా పళ్ళన్నీ తట్టి చూశాడు, కదిలినవి ఏమన్నా ఉన్నాయేమోనని. నీ దవడ పన్నుకి తొడుగు వేసి డబ్బు తీసుకోలేదట కదా, అందుకే నేనూ నా దగ్గరున్న వాటిలో మంచిది వెతికి ఇచ్చాను. ఆయన కారు మామూలు రకం. అదే ఇంజనుతో కంపెనీ ఇంకో రకం అమ్మింది, అది రెట్టింపు ఉరుకుతుంది. తేడా అంతా పెట్టెలోనే. ఎంత పెట్రోలు పొయ్యాలో, ఎంత గాలి తొయ్యాలో ఇంజనుకి చెప్పేది పెట్టే కాబట్టి, ఉరికే రకం పెట్టె తెచ్చి నిదానం రకంలో పెడితే అదీ ఉరుకుతుంది. బోల్తా పడ్డ కారులోంచి తీసిన పెట్టె ఒకటి ఉంటే, అది బిగించి పంపాను.

ఇందులో ఒక చిక్కుంది. కారు తాళం తలకాయలో చిన్న చిప్పు ఉంటుంది. పెట్టె ఆ చిప్పుని గుర్తుపట్టి సరే అంటేనే ఇంజను అంటుకుంటుంది. పరాయి కారు పెట్టె డాక్టరు తాళాన్ని ఎందుకు గుర్తుపడుతుంది? మొహం తిప్పుకుంటుంది. ఆ రెండిటికీ పరిచయం చెయ్యాలంటే కంపెనీ మిషను కావాలి, నాలుగు రోజుల పని. అందుకని ఈ పాత కార్ల సామాన్ల బజారులో మేమందరం ఏం చేస్తామంటే, తాళం చూసే ఆ పనినే పెట్టెలోంచి తుడిచేస్తాం. ఐదు నిమిషాలు. ఇక పెట్టె ఎవర్నీ ఏమీ అడగదు. ఆ కారు తాళం బెజ్జం కూడా అరిగిపోయి ఉంది, నేను మా స్టోరు రూము తాళం దూర్చి తిప్పితే బుర్రున అంటుకుంది. కస్టమర్లకి ఇవన్నీ చెప్పం, ఊరికే కంగారు పడతారు.

బావ డ్రైవింగ్ నేర్పే గ్రౌండుకి కొత్త కోన్లు కొన్నాడా? ఆ పాతవి కుక్కలు కొరికినట్టున్నాయి. మోకాలు నొప్పి ఎలా ఉందో రాయి.

నీ తమ్ముడు

మార్చి 9

ఒరే బుడ్డోడా,

జాకీ రాడ్డు దాకా చదివాను. మరదలు టీ గిన్నెతో దిగిందాకా రెండుసార్లు చదివాను. పెట్టెల పురాణం మొదలవగానే కిందకి జారి బావ గురించి అడిగావా లేదా చూసుకున్నాను. ఎప్పుడూ చేసేదే, నీకు తెలుసు. ఆ గోల మీ బజారులో చెప్పుకో.

కుట్లు తడవనివ్వకు. ఈసారి మీటరు విసరకు, పానా విసురు.

ఇక్కడ నా క్రేనుకి తీరిక లేదు. మొన్న వంతెన దగ్గర లారీ, కారు మొహామొహీ గుద్దుకున్నాయి. నేను వెళ్ళేసరికి లారీ డ్రైవరుకి చెవి సగం ఊడి వేలాడుతోంది, కారు వాడి ముక్కు చితికి మూతి మీదకి జారింది. అయినా ఇద్దరూ ఒకళ్ళ గొంతు ఒకళ్ళు పట్టుకుని దొర్లుతున్నారు. ఎంత చెప్పినా విడిపోరే. గొలుసు తిప్పి ఇద్దరి మధ్య నేలకేసి కొట్టాను, నిప్పురవ్వలు లేచాయి. అప్పుడు విడిపోయారు. లారీ డ్రైవరు చెవి పట్టుకుని, "అమ్మా, ముందు నా బండి ఎత్తు," అంటాడు. "ముందు నీ చెవి ఎత్తుకోరా," అన్నాను.

డాక్టరు కారు ఊరంతా మారుమోగుతోంది. నిన్న మీ బావని ఎక్కించుకుని ఒక చుట్టు తిప్పాడు. మీ బావ దిగి ముందు చెంబెడు నీళ్ళు తాగాడు. ఇరవై రెండేళ్ళు డ్రైవింగ్ నేర్పినవాడు, స్పీడు నలభై దాటనివాడు. తర్వాత అన్నాడు, "పెడలు మీద కాలు ఆనిస్తే చాలు, సీటు వీపులో గుద్దుతోందే. ఆ డాక్టరు కాబట్టి సరిపోయింది, నెమ్మదస్తుడు. ఇంకెవరన్నా ఎక్కితే మనిషిని తినేస్తుంది," అని. నా తమ్ముడి చేతిపనేనని చెప్పాను. తల పట్టుకున్నాడు.

కోన్లు కొన్నాడు. తొమ్మిది. కోడిపిల్లల్లా పెట్టెలో సర్ది తాళం వేసుకుంటున్నాడు. మోకాలు బాగానే ఉంది.

అక్క

ఏప్రిల్ 2

తమ్ముడూ,

రెండో రోజే బస్సెక్కావు. దుకాణంలో పని అన్నావు. మా ఆయన బట్టలు ఇంకా తాడు మీదే ఉన్నాయి, నువ్వు బస్సెక్కావు. నా యార్డులో ఆ కారు మీది టార్పాలిన్ ఎత్తి చూశావు, మొహం పాలిపోయింది, మళ్ళీ నా కళ్ళలోకి చూడలేదు. రక్తం చూసి భయపడ్డావని మరదలు అంది. పోనీలే అనుకున్నాను. మనవాళ్ళందరి ముందు నేను చెప్పలేకపోయింది ఇప్పుడు రాస్తాను. ఈసారి నువ్వు మధ్యలో వదలకుండా చదువు.

పొద్దున ఆరున్నరకి మీ బావ గ్రౌండుకి వెళ్ళి రివర్సు పరీక్ష కోసం కోన్లు పెడుతున్నాడు. ఏడు పెట్టాడు. ఎనిమిదోది చేతిలో ఉంది. ఆ కారు రోడ్డు మలుపు దగ్గర అదుపు తప్పి గ్రౌండులోకి దూకింది. ఏడు కోన్లూ నిలబడే ఉన్నాయి. మనిషిని గోడదాకా ఈడ్చుకుపోయింది. నడిపినవాడు గోడ దూకి పారిపోయాడు.

పోలీసులు క్రేనుకి ఫోన్ చేశారు. ఇక్కడ క్రేను నాదొక్కటే. "కారు గోడకి ఇరుక్కుంది, కింద ఎవరో ఉన్నారు, త్వరగా రామ్మా," అన్నారు. కొక్కెం తగిలించాను, లీవరు లాగాను, ముందు చక్రాలు రెండడుగులు లేచాయి. అప్పుడు చెప్పు కనపడింది. ఆ చెప్పుకి వారం కింద నేనే కుట్టు వేయించాను. లీవరు వదిలితే కారు మళ్ళీ ఆయన మీదే పడుతుంది. వదల్లేదు. ఒక చేత్తో లీవరు పట్టుకునే నిలబడ్డాను, కానిస్టేబులు లాగాడు. లాగిందంతా ఒక్కసారిగా రాలేదు.

కారు పళ్ళ డాక్టరుది. దొంగలెత్తుకుపోయారు అంటున్నాడు. తాళం ఒకటి జేబులో ఉందట, రెండోది బీరువాలో ఉందట, చూపించాడు కూడా. ఇన్‌స్పెక్టరు నవ్వాడు. "రెండు తాళాలూ నీ దగ్గరే ఉంటే కారు తనంతట తనే వాకింగుకి వెళ్ళిందా డాక్టరుగారూ? ఈ కాలం బండ్లు వేరే తాళానికి అంటుకోవు, ఆ సంగతి నాకూ తెలుసు," అన్నాడు. వాడి అపార్టుమెంటులో కార్లు కడిగేవాడిని కూడా అడిగారు. ఎవర్నీ చూడలేదన్నాడు.

పోలీసులు వాడిని తీసుకెళ్ళే ముందు రోజు నేను క్లినిక్కుకి వెళ్ళాను. వీల్ స్పానరు పట్టుకుని వెళ్ళాను. కుర్చీలో ఒక ముసలాయన నోరు తెరుచుకుని పడుకుని ఉన్నాడు. డాక్టరు నన్ను చూసి, "అమ్మా, నేను మీ ఇంటికే వద్దామనుకుంటున్నా," అన్నాడు. వాడి కుడి మణికట్టు పట్టుకుని ఆ పనిముట్ల ట్రే మీద పెట్టి మూడు దెబ్బలు వేశాను. మొదటి దెబ్బకి అరిచాడు. రెండో దెబ్బకి "నేను కాదమ్మా" అన్నాడు. మూడో దెబ్బకి కుర్చీ పక్కనే కూలబడ్డాడు. వేళ్ళు వేళ్ళలా లేవు. ముసలాయన అలాగే నోరు తెరుచుకుని ఉండిపోయాడు. పోలీసులు అడిగితే, "లైటు కళ్ళలో పడి ఏమీ కనపడలేదు బాబూ," అన్నాడట.

పన్ను బాగు చేసిన చెయ్యే అది. తెలిసే కొట్టాను.

అక్క

ఏప్రిల్ 5

అక్కా,

చదివాను. పూర్తిగా చదివాను. మధ్యలో రెండుసార్లు లేచి వెళ్ళి దొడ్లో నిలబడి వచ్చాను. నీ మరదలికి చదివి వినిపించబోయాను, నా వల్ల కాలేదు, తనే చదువుకుంది. నిన్నటి నుంచి పొయ్యి వెలిగించలేదు.

నేను అలా వచ్చెయ్యడం తప్పే. తలనొప్పి, కుట్లు, దుకాణం, ఏవో ఉన్నాయిలే. నువ్వు అన్నం తింటున్నావా? క్రేను ఎవరికైనా అప్పగించు కొన్నాళ్ళు. కావాలంటే నీ మరదలిని పంపిస్తాను, తను ఉంటే నీకు తోడు.

ఒక మాట, తిట్టకుండా విను. డాక్టరు సంగతి పోలీసులకే వదిలెయ్. నువ్వు ఇక వాడి జోలికి వెళ్ళకు. నిజంగానే ఎవరో కారు ఎత్తుకుపోయారేమో, మనకేం తెలుసు? ఇన్‌స్పెక్టరు అన్నంత మాత్రాన అయిపోలేదు. ఈ కాలం దొంగలకి తెలియని కిటుకు ఉండదు, నేను ఈ బజారులో రోజూ చూస్తున్నాను. వాడు నెమ్మదస్తుడని బావ కూడా అన్నాడని నువ్వే రాశావు. నెమ్మదస్తుడు గోడ దూకి పారిపోతాడా?

ఇంకోటి. మార్చిలో నేను రాసిన ఉత్తరం ఉంది చూడు, అది తీసేసెయ్. అంతా పెట్టెల గోల, నువ్వెలాగూ చదవలేదు. ఆ జాకీ రాడ్డు కేసు కోర్టుకి వెళ్తే ఉత్తరాలు అడుగుతారని ఎవరో చెప్పారు. ఎందుకొచ్చిన తద్దినం.

తిను. నిద్రపో. జవాబు రాయి.

తమ్ముడు

ఏప్రిల్ 9

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. ఇది తమ్ముడు రాసిన ఉత్తరం కాదు, దుకాణదారుడు రాసింది. నీ కస్టమరు కాబట్టి నీకు నొప్పి. మొగుడు నాకు, కస్టమరు నీకు. అంతేనా?

పోలీసులకి వదిలెయ్యాలా? వాళ్ళు ఏం చేస్తున్నారో చెప్తాను. నిన్న డాక్టరు బావమరదులు ఇద్దరు నా యార్డుకి వచ్చారు. "మా బావ చెయ్యి మళ్ళీ పని చెయ్యదు," అంటూ ఇనప రాడ్లతో క్రేను ముందద్దం పగలగొట్టారు, హెడ్‌లైట్లు పగలగొట్టారు. గొలుసు నా చేతిలోనే ఉంది. పెద్దవాడికి మోకాలి కింద తగిలింది, ఎముక తెల్లగా బయటికొచ్చింది. చిన్నవాడు నా భుజం మీద వేశాడు, ఎడమ చెయ్యి పైకి లేవడం లేదు, ఒంటిచేత్తోనే ఇది టైపు చేస్తున్నాను. పోలీసులొచ్చి ఇద్దరినీ ఆటో ఎక్కించి, "మీరు కూడా కాస్త ఓపిక పట్టాలమ్మా," అన్నారు.

ఓపిక పట్టాను. ఇప్పుడు విను. డాక్టరుకి బెయిలు వచ్చింది. పద్నాలుగో తారీఖు శుక్రవారం, పొద్దున పదకొండుకి బయటికొస్తాడు. జైలు పక్క గేటు సందు సన్నం, ఒక బండే పడుతుంది. క్రేను అక్కడ ఉంటుంది. నేను అందులో ఉంటాను. మీ బావని కారుతో ఎలా గోడకి నొక్కాడో వాడినీ అలాగే గోడకి నొక్కుతాను. తర్వాత నన్ను ఉరి తీసినా సరే, అదే జైల్లో పడేసినా సరే.

నీ ఉత్తరం తీసెయ్యను. అందులో బావ మోకాలు ఎలా ఉందని అడిగావు. ఆయన బతికుండగా ఎవరన్నా ఆయన గురించి అడిగిన చివరి ఉత్తరం అది.

ఆపాలని చూడకు. రాయకు కూడా.

అక్క

ఏప్రిల్ 11

అక్కా,

రాయకు అన్నావు. రాస్తున్నాను. ఈసారి పెట్టెల గోల అని కిందకి జారిపోకు, నీ కాళ్ళు పట్టుకుంటాను, ప్రతి అక్షరం చదువు.

డాక్టరు నిజం చెప్తున్నాడు. కారు అతను నడపలేదు.

ఆ కారులో ఉన్నది నా పెట్టె. పరాయి పెట్టె పని చెయ్యాలని, తాళాన్ని గుర్తుపట్టే పనిని నేనే అందులోంచి తుడిచేశాను. మామూలు కారు సొంత తాళానికి తప్ప అంటుకోదు, ఇన్‌స్పెక్టరు చెప్పింది నిజమే. కానీ ఈ కారు ఏ తాళానికైనా అంటుకుంటుంది. బెజ్జంలో దూరి తిరిగేది ఏదైనా చాలు. ఆ మాట డాక్టరుకి నేను చెప్పలేదు. అందుకే పాపం రెండు తాళాలూ చూపించి, తన నిర్దోషిత్వం అదేనని అనుకున్నాడు. ఆ రెండు తాళాలే అతని మెడకి చుట్టుకున్నాయి.

టార్పాలిన్ ఎత్తగానే నాకు తెలిసిపోయింది. రక్తానికి భయపడలేదక్కా. డ్యాష్‌బోర్డు కింద నా పెట్టెకి నేను కట్టిన పచ్చ టేపు చూసి భయపడ్డాను. నీ కళ్ళలోకి చూస్తే చెప్పేస్తానని బస్సెక్కాను. ఆ తర్వాత నువ్వు చెయ్యి విరగ్గొట్టానని రాశావు. అప్పుడన్నా చెప్పాలి. చెప్పలేదు. పైగా ఉత్తరం తీసెయ్యమన్నాను. కోర్టు, జాకీ రాడ్డు, అన్నీ అబద్ధం. మార్చి 4న ఇదంతా నీకు రాశాను, నువ్వు చదవలేదని నువ్వే చెప్పావు. చదవకపోతే బాగుండునని రోజూ అనుకుంటున్నాను. అంతకన్నా నీచం ఏముంటుంది?

దుకాణం పోతుందని భయం. లోపలేస్తారని భయం. అన్నిటికన్నా, నువ్వు ఇక తమ్ముడూ అనవని భయం. ఈ మూడూ కలిపి తూచాను, ఒక మనిషి చేతి వేళ్ళ కన్నా బరువుగా అనిపించాయి. ఇప్పుడు ఆ మనిషి ప్రాణం కూడా రెండో వైపు పడింది, నీ ప్రాణం కూడా పడింది. ఇక తూగడం లేదు.

నమ్మకపోతే చూసుకో. కారు నీ యార్డులోనే ఉంది. ఇన్ని రోజులకి బ్యాటరీ చచ్చి ఉంటుంది, క్రేను బ్యాటరీకి వైర్లు తగిలించు. బానెటు నొక్కుకుపోయినా ఇంజనుకి ఏం కాలేదు, నేను చూశాను. ఏదో ఒక చిన్న తాళం తీసుకుని దూర్చి తిప్పు.

శుక్రవారం లోపల తిప్పు అక్కా.

తమ్ముడు

ఏప్రిల్ 13

అక్కా,

జవాబు లేదు. బావ పెట్టిన రూలు తప్పి పదిహేడుసార్లు ఫోన్ చేశాను. నువ్వు ఎత్తలేదు. చదివావో లేదో తెలియదు. మళ్ళీ కిందకి జారిపోయి చూశావేమో, కింద బావ గురించి ఏమీ లేదని మూసేశావేమో.

ఇన్‌స్పెక్టరుకి ఫోన్ చేసి అంతా చెప్పాను. "నువ్వెవరు?" అన్నాడు. "చనిపోయినాయన బావమరిదిని. పెట్టె అమ్మింది కూడా నేనే," అన్నాను. దుకాణం అడ్రసు అడిగి రాసుకున్నాడు. తర్వాత, "దుకాణం వదిలి కదలకు, ఇక్కడి నుంచి మనుషులొస్తారు," అన్నాడు. క్రేను సంగతి మాత్రం చెప్పలేకపోయాను. చెప్తే నిన్ను పట్టుకెళ్తారు, చెప్పకపోతే రేపు పదకొండు అవుతుంది. నోటిదాకా వచ్చింది, ఆగిపోయింది. ఇదీ తప్పో ఒప్పో తెలియదు.

తాళం తుడిచే పని నేను పోలీసులకి చెప్పానని బజారు అంతా తెలిసిపోయింది. పొద్దున పది మంది వచ్చారు. అందరూ తెలిసినవాళ్ళే, ఒకడికి పెళ్ళి సంబంధం చూసింది నేనే. షట్టరు వంచేశారు, పెట్టెలన్నీ రోడ్డు మీద పోసి సుత్తులతో కొట్టారు. నన్ను తాకలేదు. నీ మరదలు మెట్ల మీద గిన్నె పట్టుకుని నిలబడింది, అందుకేమో. అందులో చల్లనీళ్ళే.

కదలొద్దన్నారు కాబట్టి కూర్చున్నాను. తిప్పావా అక్కా?

తమ్ముడు

ఏప్రిల్ 15

బుడ్డోడా,

నీ పదకొండో తారీఖు ఉత్తరం శుక్రవారం పొద్దున తొమ్మిదింటికి చదివాను. అంతవరకు తెరవలేదు. మళ్ళీ ఓపిక పట్టమని రాశావనుకున్నాను. క్రేను స్టార్టు చేశాక, ఇక మళ్ళీ నీ మాట వినే వీలుండదు కదా అని తెరిచాను.

నమ్మలేదు. తమ్ముడు కస్టమరు కోసం కట్టుకథ అల్లాడనుకున్నాను. అయినా క్రేను ఆపి దిగాను. టార్పాలిన్ లాగేశాను, వైర్లు తగిలించాను. చిన్న తాళం ఏముందా అని జేబులో చూస్తే మీ బావ కోన్ల పెట్టె తాళం ఉంది. అది నేను ఆ రోజు నుంచి జేబులోంచి తియ్యలేదు. దూర్చి తిప్పాను.

అంటుకుంది.

ఆయన్ని చంపిన కారు ఆయన తాళానికే అంటుకుంది. ఎంతసేపు అక్కడ కూర్చున్నానో తెలియదు. ఆపడం కూడా మర్చిపోయాను. యార్డంతా పొగ నిండాక ఆపాను. తర్వాత మార్చి నాలుగో తారీఖు ఉత్తరం తెరిచాను. ఉంది. అంతా ఉంది. స్టోరు రూము తాళం తిప్పావని కూడా ఉంది. రాసింది నువ్వు, చదవంది నేను. చదివుంటే ఆయన బతికేవాడా అంటే చెప్పలేను. డాక్టరు వేళ్ళు మాత్రం బతికేవి.

పదకొండుకి జైలు సందుకి వెళ్ళాను. నేను విరగ్గొట్టిన ఆ డాక్టరు చెయ్యి కళ్ళారా చూడాలనిపించింది. డాక్టరు పక్క గేటులోంచి వచ్చాడు. కుడి చెయ్యి మోచేతిదాకా సిమెంటు కట్టు. నన్ను, క్రేనునీ చూసి కదల్లేదు, గోడకి వీపు ఆనించి అలాగే కూలబడ్డాడు. ప్యాంటు తడిసింది. నేను దిగి వెళ్ళి అతని ఎడమ చేతిలో ఆ తాళం పెట్టాను. "ఇది మా ఆయన కోన్ల పెట్టెది. దీనికి నీ కారు అంటుకుంది. నువ్వు కాదని ఇప్పుడు తెలిసింది," అన్నాను.

ఆ తాళం అటూ ఇటూ తిప్పి చూశాడు. "రెండోసారి కొట్టినప్పుడు చెప్పాను కదమ్మా," అన్నాడు.

"చెప్పావు," అన్నాను. "లే. కొట్టు."

కొట్టనన్నాడు. "నేను పళ్ళ డాక్టరుని, చేతులతో అలాంటి పని చెయ్యను," అన్నాడు. ఆ మాట అన్నాక తన చెయ్యి చూసుకున్నాడు. చూసుకుని ఏడ్చాడు. అప్పుడు లేచి ఆ సిమెంటు కట్టుతోనే కొట్టాడు. మొదటి దెబ్బకి కింద పెదవి చిట్లింది. కిందపడి లేచి నిలబడ్డాను. రెండో దెబ్బకి దవడ పన్ను తొడుగు ఊడి రోడ్డు మీద పడింది, తను వేసిందే. మూడోది వెయ్యడానికి చెయ్యి ఎత్తి దించేశాడు. అతని కట్టు పగిలి రక్తం కారుతోంది. వంగి ఆ తొడుగు తీసి నా చేతిలో పెట్టి, "కడిగి దాచుకోండి, వేరే డాక్టరు పెడతాడు," అన్నాడు. ఇద్దరం క్రేనులోనే ఆసుపత్రికి వెళ్ళాం. ముందద్దం లేదు కదా, గాలి మొహాన కొడుతుంటే రక్తం ఆరిపోయింది.

నిన్న నేనే ఇన్‌స్పెక్టరు దగ్గరికి వెళ్ళి స్పానరు బల్ల మీద పెట్టాను. రాసుకున్నాడు. నా మీద కేసు నడుస్తుంది, నడవనీ. కారు నడిపినవాడు దొరికాడు. అపార్టుమెంటులో కార్లు కడిగేవాడే. లోపల తుడవడానికి వీలుగా డాక్టరు కారు తలుపులు తెరిచే ఉంచేవాడట. కడగడానికి కారు పక్కకి జరపాలని ఒకరోజు తన సైకిలు తాళం తిప్పి చూశాడట, అంటుకుందట. అప్పటి నుంచి రోజూ రెండడుగులు జరిపేవాడు. ఆ రోజు ఒక్కసారి రోడ్డెక్కించి చూద్దామనుకున్నాడు. కాలు ఆనించాడు. అంతే. లాకప్పులో పోలీసులు వాడిని బాగానే బాదారు, నేను వెళ్ళేసరికి మొహం గుర్తుపట్టేలా లేదు. నేను ముట్టుకోలేదు. నాకు ఇక చెయ్యి రావడం లేదు.

ఆ తొమ్మిది కోన్లలో ఎనిమిది మిగిలాయి. గ్రౌండులో నేర్చుకునేవాళ్ళు వచ్చి నిలబడి వెళ్ళిపోతున్నారు. రేపటి నుంచి నేను నేర్పుతాను. నలభై దాటనివ్వను.

నీ సంగతి. పోలీసులు ఏమన్నారు, వదిలారా? ఎన్ని రోజులు కదలొద్దన్నారు? మరదలు పొయ్యి వెలిగించిందా? బజారు వాళ్ళు దుకాణాన్ని కొట్టారు, నిన్ను కొట్టలేదు. డాక్టరు నన్ను కొట్టాడు, నిన్ను కొట్టలేదు. నీ వంతు ఒకటి అలాగే ఉండిపోయింది. అది వేరే ఎవరూ వెయ్యకూడదు, నేనే వెయ్యాలి. ఎడమ భుజం ఇంకా లేవడం లేదు, కుడి చెయ్యి బాగానే ఉంది. అది అయిపోయాక ఇద్దరం కూర్చుని అన్నం తిందాం. ఈ ఇంట్లో ఒక్కదాన్నే కూర్చుని తినలేకపోతున్నాను తమ్ముడూ.

కనుబొమ్మ మీద కుట్ల మచ్చ గట్టిపడిందా? గట్టిపడ్డాకే రా. ఎప్పుడొస్తున్నావు?

అక్క